టెక్ సందేహాలు: ఇంజిన్ విప్పి కట్టాక కూలెంట్ ఎటు పోతోంది?

ప్రశ్న: మాది కడప. 2004 మోడల్ మారుతి 800 ఇంజిన్‌కి ఈమధ్యే బోరు (అరిగిన సిలిండర్ల లోపలి గోడలు చెక్కించడం) చేయించాం. పది రోజుల్లో రెండుసార్లు అర లీటరు కూలెంట్ పోయాల్సొచ్చింది. కారు కింద చుక్క కూడా కనపడదు. మెకానిక్ హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజిన్ పైభాగం) మళ్లీ దించాలంటున్నాడు. ఓబీడీ స్కానర్ (కారు సెన్సర్ల సమాచారం చదివే పరికరం) కొంటే లీకెక్కడో ఫోన్‌లో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. సెన్సర్లు చెప్పిందే స్కానర్ చూపిస్తుంది. మీ కారులో పైపు చెమర్చిందని చెప్పే సెన్సరే లేదు. ఆ డబ్బు దాచుకోండి.

హెడ్ జోలికీ అప్పుడే పోవద్దు. ఇంజిన్ కట్టిన కొత్తలో లోపల చిక్కుకున్న గాలి మెల్లగా బయటికొస్తుంది. ఆ ఖాళీలోకి కూలెంట్ దిగి మట్టం తగ్గుతుంది. అది లీకు కాదు. రిజర్వ్ ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టి, రోజూ పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి.

ఇంకా తగ్గుతూనే ఉంటే ప్రెషర్ టెస్టర్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. రేడియేటర్ మూత చోట బిగించే, ప్రెషర్ మీటరున్న చేతిపంపు అది. చల్లటి ఇంజిన్ మీద, మూత మీద రాసినంత ప్రెషర్ మాత్రమే ఎక్కించి పావుగంట ఆగాలి. ముల్లు దిగిందంటే లీకున్నట్టే. వేడి ఇంజిన్ మీద పడ్డ చుక్క అక్కడే ఆవిరైపోతుంది, నేల దాకా రాదు. చల్లగా ఉన్నప్పుడైతే దొరికిపోతుంది. టార్చి వేసి హోస్ క్లిప్పులు, థర్మోస్టాట్ మూత, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడండి. రంధ్రంలోంచి కారితే పంపు సీలు పోయింది. ఆ రంధ్రానికే సీలెంట్ పూసి మూసేసే మహానుభావులున్నారు, జాగ్రత్త.

బయటెక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే, అప్పుడు కొనండి గాడ్జెట్: ఫోన్‌కు తగిలించే సన్నటి బోర్‌స్కోప్ కెమెరా. స్పార్క్ ప్లగ్గులు తీసి లోపలికి దించండి. రెండు పిస్టన్లు మసిగా ఉండి ఒక్కటే తోమిన గిన్నెలా మెరుస్తుంటే, లోపలికి కారిన కూలెంట్ ఆవిరై దాన్ని కడుగుతోందన్నమాట. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులోకి మారినా అనుమానం హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ దిమ్మెకీ మధ్య లీకు కాకుండా వేసే పలుచటి రేకు) మీదే. అలాగైతే మెకానిక్ మాటే నిజం, హెడ్ దించాల్సిందే. ఈసారి హెడ్ వంగిందేమో లేత్ షాపులో చూపించండి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచ్‌ (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా)తోనే బిగించమనండి. చేతి అంచనా పనికిరాదు.

లీకు ఆపడానికి రేడియేటర్లో పసుపు వేసే చిట్కా గువ్వలచెరువు ఘాట్‌లో ఆగిపోతే ఇల్లు చేరడానికి సరే. ఆ తర్వాత అదే పసుపు సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. ఇంకోమాట, బోరు చేయించిన ఇంజిన్‌లో బోరు నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

ప్రశ్న: బానెట్ కింద ఆవిర్లు కక్కుతున్నా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. మీటర్ పోయిందా? (అనంతపురం నుంచి)

జవాబు: పోయి ఉండకపోవచ్చు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది. కూలెంట్ ఖాళీ అయితే ముల్లు అబద్ధం చెబుతుంది. ఆవిరి కనపడగానే ఇంజిన్ ఆపేయండి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.