పక్క మంచం మీద పేషెంట్‌ని కూడా చూడనివ్వండి

ఒక తండ్రి అడిగారు: "వాలీబాల్ ఆడే మా అమ్మాయికి మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేశారు. 7 నెలలుగా రిహాబ్ నడుస్తోంది. ఇప్పుడు తను కూడా స్పోర్ట్స్ థెరపీయే చదువుతానంటోంది. ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సా, ఫిజియోథెరపీ డిగ్రీనా? ఆడలేక చివరికి ఆడేవాళ్ల కాళ్లు పట్టాలా?"

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క ముక్క, డిగ్రీ. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి మాట కదా. అది అమ్మాయి వినేలా అనలేదనుకుంటాను, అని ఉంటే మాత్రం తప్పు మీదేనండీ. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? మడమ కింద చుట్టిన టవల్ పెట్టుకుని, మోకాలు పూర్తిగా చాపడానికి తొడ బిగపట్టి పది లెక్కపెట్టడం, వదలడం, మళ్లీ బిగపట్టడం. థెరపిస్ట్ గోనియోమీటర్ (కీలు ఎంత వంగుతోందో కొలిచే పరికరం) పెట్టి కొలిచి "పోయిన వారం కంటే 5 డిగ్రీలు ఎక్కువ వంగింది" అంటే చాలు, ఆ రోజుకి అదే కప్పు గెలిచినంత. ఆ పిల్ల దగ్గరుండి చూసిన పని అది. ఓడిపోయి ఎంచుకుందని ఎందుకనుకుంటున్నారు?

నా అనుమానాలు వేరే ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కప్పింగ్ (చర్మాన్ని కప్పులతో పైకి పీల్చే పద్ధతి) మచ్చలు ప్రపంచమంతా చూసింది. కప్పింగ్, రంగురంగుల టేపులు, దడదడలాడే మసాజ్ గన్‌లు, ఇవన్నీ నాలుగు రోజుల్లో నేర్పేస్తామనే కోర్సులకి ఇప్పుడు కొదవ లేదు. వాటితో కాసేపు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తగా వేసిన గ్రాఫ్ట్ గట్టిపడటానికి నెలలు పడుతుంది, చిక్కిపోయిన తొడ కండ మెల్లగా బరువులు పెంచుకుంటూ పోతేనే తిరిగొస్తుంది. పైగా ఇక్కడ సూత్రాలే మారిపోతుంటాయి. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తులో పెట్టడం అనే పద్ధతికి, ఆ నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి 1978లో 'రైస్' అని పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కినే, ఐస్, పూర్తి విశ్రాంతి వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత ఒప్పుకున్నారు. ఆర్నెల్లలో సూత్రం బట్టీ పట్టొచ్చు, అది ఎందుకు మారిందో తెలియాలంటే అనాటమీ, ఫిజియాలజీ కూర్చుని చదవాల్సిందే.

ఇక ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టం, "ఇంకా కుదరదు" అని చెప్పడం. ఐదారు నెలలకి నొప్పి పోతుంది, ఆటగాడు తొందరపడతాడు, కోచ్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. అప్పుడు ఒంటికాలి మీద గెంతించి, బాగున్న కాలితో పోల్చి, 90 శాతం కూడా రాలేదమ్మా అని చెప్పి తిట్లు తినాలి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, 9 నెలల దాకా ఆగిన ఒక్కో నెలకి మోకాలు మళ్లీ దెబ్బతినే ముప్పు సుమారు సగం తగ్గింది. మీ అమ్మాయికి ఇది 7వ నెల. "త్వరగా ఆడొచ్చా" అని థెరపిస్ట్‌ని మీరు కూడా వేధిస్తుంటే ఇక ఆపండి.

ఉద్యోగం గురించి టెన్షన్ అక్కర్లేదు. డిగ్రీ చేతిలో ఉంటే నడుంనొప్పి, పక్షవాతం, కీళ్ల ఆపరేషన్లు, అన్నిటికీ ఆమె అవసరమే. అయితే చాలామందికి మొదటి కొన్నేళ్లు ఇలాంటి పేషెంట్లతోనే గడుస్తాయి, జట్టు జెర్సీ వేసుకునే అవకాశం తర్వాతెప్పుడో. అందుకే ఫీజు కట్టేముందు ఒక వారం, థెరపిస్ట్ ఒప్పుకుంటే, తన వ్యాయామం అయ్యాక అక్కడే ఉండి పక్క మంచం మీద పెద్దాయన్ని నిలబెట్టడానికి ఎంతసేపు పడుతోందో చూడమనండి. అది చూశాక కూడా ఇదే చదువుతానంటే, వెళ్లి చేర్పించండి.