నాన్న కంప్యూటర్‌కి అప్పుడే స్విచ్ వెయ్యకు

అమ్మలూ,

పెరంబూరు ఇంట్లో అటక దులుపుతుంటే నాన్న కంప్యూటర్ బయటపడిందని, సాయంత్రం ఆన్ చేసి చూస్తానని మెసేజ్ పెట్టావు. వద్దమ్మా. మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ బోర్డులు బాగుచేసినవాణ్ని, ఈ ఒక్క మాట విను. ముందు ప్లగ్గు తీసేయ్.

దాని ప్రాసెసర్ 486 డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్. 1994లో మీ నాన్న, నేను ఒక్కో భాగం కొనుక్కొచ్చి ఆ హాల్లోనే చాప పరుచుకుని బిగించాం. ర్యామ్ 8 ఎంబీ, హార్డ్ డిస్క్ 420 ఎంబీ. నీ ఫోన్ ఫోటోలు ఓ వంద పెడితే నిండిపోతుంది. మీ నాన్న ఉత్తరాలు, తాతయ్య చెబుతుంటే కొట్టుకున్న మన ఇంటి కబుర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. కంప్యూటర్ లేవకపోయినా సరే, ఆ డిస్క్ దక్కాలి.

మూత తీసి చూడు. బోర్డు మీద చిన్న పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ అతికించి ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది కారుతుంది. కారిన రసం రాగి గీతల్ని తినేస్తుంది. చుట్టూ పచ్చగా పొక్కినట్టు ఉంటే కాళ్లు కత్తిరించి తీసేయ్. దూదిపుల్లతో కాస్త వెనిగర్ అద్దు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి రెండు రోజులు ఆరనివ్వు. ఒకసారి తొందరపడి, ఇవేవీ చూడకుండా ఒకాయన మెషీన్‌కి కరెంటు ఇచ్చాను. పొగ వచ్చింది. మూడేళ్ల లెక్కలు పోయాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ బాధ.

హార్డ్ డిస్క్ విప్పి బయటికి తియ్యి. యూఎస్‌బీ అడాప్టర్ కొనేస్తావేమో, అంత పాత డిస్కుల్ని అవి చాలావరకు గుర్తుపట్టవు. ఐడీఈ పోర్టు, అంటే ఇలాంటి పాత డిస్క్ తగిలించే చోటు, ఉన్న పెంటియం 4 కాలం నాటి మెషీన్ ఒకటి అడిగి తెచ్చుకో, రిచీ స్ట్రీట్‌లో పాత సామాన్ల వాళ్ల దగ్గర దొరక్కపోదు. డిస్క్ లేబుల్ మీద దాని కొలతలు, అంటే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు ఉంటాయి, వాటిని ఫోటో తీసి పెట్టుకో. తిరగడం మొదలెట్టగానే మొత్తం డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా, కాపీ చెయ్యి. ఒక్క ఫైల్ కూడా తెరవకు. ఏం చూడాలన్నా ఆ కాపీలో చూడు.

ఫ్లాపీల మీద తెల్లటి బూజు ఉంటే డ్రైవ్‌లో పెట్టకు, దాన్ని చదివే హెడ్ పాడై తర్వాతి ఫ్లాపీని కూడా గీస్తుంది. మద్రాసు గాలికి బూజు పట్టకుండా ఉండవు. మానిటర్ జోలికి అసలు పోవద్దు, పిక్చర్ ట్యూబ్‌లో 20 వేల వోల్టులు దాచుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫైళ్లు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పాడయ్యాయనుకుని తీసెయ్యకు తల్లీ, అది తెలుగే. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ అప్పటికి ఇంకా మన ఇళ్లదాకా రాలేదు. ఐఐటీ కాన్పూరులో మొదలైన పనిని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లు జిస్ట్ కార్డుగా చేశారు, దాన్ని బోర్డులో గుచ్చితే డాస్‌లో, అంటే విండోస్‌కి ముందు వాడిన సిస్టంలో, తెలుగు వచ్చేది. అందులో అక్షరాలకి నంబర్లిచ్చిన కోడ్ పేరు ఇస్కీ. ఇస్కీలో తెలుగు 'అ'కి, తమిళ 'అ'కి నంబరు ఒకటే. లిపి మారిస్తే చాలు, తెలుగు ఉత్తరం తమిళ అక్షరాల్లో కనిపించేది. మీ అన్నయ్య తమిళ మీడియం, వాడికి తెలుగు చదవడం రాదు. నాన్న అలా మార్చి వాడి చేత తాతయ్య కథలు చదివించేవారు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కదా, వాడు తడబడితే తాతయ్య పక్కనుంచి సరిదిద్దేవాడు. ఆ సాయంత్రాలు నేను చూశాను.

యూనికోడ్‌లో మన అక్షరాల వరుస ఇస్కీని చూసి పేర్చిందే, కాబట్టి మార్చడం పెద్ద కష్టం కాదు. ఫైళ్లు నాకు పంపు, కూర్చుని చేసిపెడతాను. పొడవాటి స్లాట్‌లో ఉన్న ఆ కార్డు, దానితో వాడిన కీబోర్డు పాతసామానుకి వేసెయ్యకు.

మొదట తేరుకున్న ఉత్తరం ఏదైనా సరే, పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి అమ్మకి ఇవ్వు. ఫోన్‌లో తను చదవలేదు.

మామయ్య
నెల్లూరు