పార్శిల్‌లో వచ్చిన నిద్రమాత్రతో జాగ్రత్త

ప్రశ్న: మాది కావలి. నాకు 25 ఏళ్లు. డాలస్‌లో ఎంఎస్ పూర్తి చేశాను. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మొదలై 61 రోజులైంది. 90 రోజుల్లోపు ఉద్యోగం చూపించాలి. సాఫ్ట్‌వేర్‌లోనే ప్రయత్నించాలా, డేటా వైపు మారాలా, ఇంటికొచ్చి గ్రూప్స్ రాయాలా తేల్చుకోలేకపోతున్నాను. మూడు నెలలుగా నిద్ర పట్టక అమ్మ పంపిన ఆల్‌ప్రజోలం 0.5 వేసుకుంటున్నాను, ఈ నెల నుంచి రాత్రికి రెండు. పగలు మూడు ఎనర్జీ డ్రింకులు తాగుతాను. 7 కిలోలు తగ్గాను. గుండె దడ, ఇంటర్వ్యూల్లో చేతులు వణకడం ఉన్నాయి. గజ్జల్లో తామరకు వారంగా ఇట్రాకొనజోల్ కూడా వాడుతున్నాను, అదీ ఇంటి నుంచి వచ్చిందే. ఏకాగ్రత పెరగడానికి మంచి మాత్ర చెప్పగలరు.
- ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: ఏకాగ్రతకు మాత్ర రాయను. ఇప్పుడు వేసుకుంటున్న రెంటి సంగతి ముందు చూడాలి.

ఆల్‌ప్రజోలం, ఇట్రాకొనజోల్ కలిపి వాడకూడదు. ఆల్‌ప్రజోలాన్ని విరిచి బయటికి పంపే కాలేయ ఎంజైమును ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది. అందుకని మీరు వేసుకునేది రెండు మాత్రలే అయినా రక్తంలో మందు అంతకు మించి పేరుకుంటుంది. పొద్దున మత్తు వదలకపోవడం, మాట తడబడటం, కారు నడుపుతూ కునుకు పట్టడం ఇలాగే జరుగుతాయి. ఇట్రాకొనజోల్ ఈ రోజే ఆపండి. ఆపాక కూడా దాని ప్రభావం ఒకటి రెండు వారాలు ఉంటుంది కాబట్టి అన్నాళ్లూ స్టీరింగ్ పట్టొద్దు. మద్యం చుక్క కూడా వద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా వద్దు, వీటితో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

తామర వల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు. అక్కడి మందుల షాపుల్లో చీటీ లేకుండానే టెర్బినఫైన్ క్రీమ్ దొరుకుతుంది. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయండి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు కొనసాగించండి. ఇంటి నుంచి ట్యూబ్ ఏదైనా వచ్చి ఉంటే పేరు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే రాయొద్దు. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉండి తామర తొడల దాకా పాకుతుంది.

ఇది చదివి కంగారుపడి ఆల్‌ప్రజోలం మాత్రం ఈ రాత్రే మానేయకండి. మూడు నెలలుగా రోజూ వేసుకున్న మందును ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, విపరీతమైన ఆందోళన మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మోతాదు పెంచొద్దు, మీ అంతట మీరు ఆపొద్దు. రెండు మూడు రోజుల్లో అక్కడి డాక్టరును కలవండి. సాధారణంగా వారానికో రెండు వారాలకో పావు మాత్ర చొప్పున తగ్గిస్తారు. మీ విషయంలో ఎంత, ఎన్నాళ్లు అన్నది మిమ్మల్ని పరీక్షించినవారే చెప్పాలి. నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. మన దేశ టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఈ రకం మందులను ఫోన్లో రాయకూడదు కూడా. ఈలోగా మందుల కలయిక గురించి అనుమానం వస్తే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది.

ఇంటర్వ్యూలో చేతులు వణకడం భయం వల్లే అనుకుంటున్నారు. కావచ్చు. కానీ ఆల్‌ప్రజోలం పనిచేసేది కొద్ది గంటలే, రాత్రి వేసింది మర్నాడు మధ్యాహ్నానికి దిగిపోతుంటే శరీరం మళ్లీ అడుగుతుంది. ఆ అడగడమే ఈ వణుకు కావచ్చు. దానికి తోడు ఎనర్జీ డ్రింకులు. 473 మిల్లీలీటర్ల డబ్బాలో 160 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆరోగ్యవంతులకు రోజుకు 400 దాటకూడదంటారు, మీరు మూడింటితోనే దాటేస్తున్నారు. మూడు నాలుగు రోజులకో డబ్బా చొప్పున తగ్గించండి, ఒకేసారి మానితే తలనొప్పి పట్టుకుంటుంది.

బరువు తగ్గడాన్ని దిగులు ఖాతాలో వేయకండి. 7 కిలోలు తగ్గడం, దడ, వణుకు మూడూ కలిస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో చూడాల్సిందే. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, షుగర్‌కు హెచ్‌బీఏ1సీ, రక్తకణాల లెక్క, ఒక ఈసీజీ చేయించండి. శాకాహారులైతే బీ12 కూడా. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. వెళ్లేటప్పుడు స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ‘ఏదో నిద్రమాత్ర’ అనకుండా పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. వీసాకేమైనా అవుతుందేమోనని దాచారంటే ఆ డాక్టరు చేతులు కట్టేసినట్టే.

ఇక్కడ మీ అమ్మగారికీ ఒక మాట చెప్పాలి. అమ్మా, ఆల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. స్ట్రిప్ మీద ఎర్ర గడిలో హెచ్చరిక రాసి ఉంటుంది చూడండి. చీటీ చూసి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసుకుని ఇవ్వాల్సిన మందు అది. గోంగూర పచ్చడి సీసాకూ కారప్పొడి ప్యాకెట్‌కూ మధ్య దూర్చి పంపేది కాదు. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే ఇబ్బంది పడేది వీసా మీద ఉన్న మీ అబ్బాయే. బిడ్డకు నిద్ర లేదంటే తల్లి ప్రాణం ఊరుకోదు, ఆ బాధ నాకు తెలుసు. అయినా ఇక ఒక్క మాత్ర కూడా పంపొద్దు.

మీవల్ల అయ్యే సాయం మరొకటి ఉంది. కావలిలో పొద్దున 11 గంటలకు వంట ముగించుకుని మీరు ఫోన్ చేస్తే, వేసవిలో అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. ‘ఏమైంది నాయనా, ఏమన్నా పిలిచారా’ అని అడిగాక ఇక ఆ పిల్లాడు ఎలా పడుకుంటాడు? సాయంత్రం ఆరున్నరకు చేయండి, అక్కడ పొద్దున ఎనిమిది.

మళ్లీ మీకు. రాత్రి ఎప్పుడు పడుకున్నా లేచే టైము మార్చొద్దు. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి పడుకోండి. మంచం మీద ల్యాప్‌టాప్ వద్దు. మధ్యాహ్నం 12 తర్వాత కెఫీన్ వద్దు. నిద్రలేమికి మందుల్లేకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చే సీబీటీ-ఐ అనే చికిత్స ఉంది, కొన్ని వారాలు పడుతుంది కానీ మాత్రకన్నా నిలుస్తుంది. డాక్టరును దాని గురించీ అడగండి.

ఉద్యోగం సంగతి తేల్చేంత జ్ఞానం నాకు లేదు. కానీ మిగిలిన 29 రోజుల లెక్క అర్ధరాత్రి మంచంలో వేసుకోకండి. పగలు మీ యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లండి. చదువుకు సంబంధించిన పని వారానికి 20 గంటలు చేస్తే, జీతం లేకపోయినా మొదటి ఓపీటీలో ఉద్యోగం కిందే లెక్కిస్తారు. అది మీకు వర్తిస్తుందో లేదో వాళ్లే చెప్పాలి. తిరిగి రావాలా వద్దా అన్నది మత్తులోనూ, నిద్రలేమిలోనూ తీసుకునే నిర్ణయం కాదు.

ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, లేపినా లేవలేనంత మత్తుగా ఉన్నా 911కు ఫోన్ చేయాలని రూమ్మేట్లకు ముందే చెప్పి ఉంచండి. బతకడం ఎందుకనిపించిన క్షణం ఏదైనా ఉంటే, మీరు రాయలేదు గానీ నేను అడగాలి, అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. ఇక్కడ మీ ఇంట్లోవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 తెలుగులో పలుకుతుంది.

మరో పార్శిల్ ఇప్పటికే బయల్దేరి ఉంటే అందులోని మాత్రలు వాడకండి, పక్కవాళ్లకు ఇవ్వకండి. అక్కడ చాలా ఫార్మసీల్లో పాత మందులు వేసే పెట్టె ఉంటుంది, అందులో వేసేయండి.