దెబ్బా, జబ్బా?

ఉప్పునీటి ఆక్వేరియం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఉప్పునీటి ట్యాంకు 300 లీటర్లది. ఎల్లో టాంగ్ చేప చాలాకాలంగా అందులోనే ఉంది. నాలుగు రోజుల కిందట చిన్న యాంజెల్ చేపను వేశాం. మర్నాడే దాని డొక్క మీద గీత పడింది, ఇప్పుడు లోపలి కండ ఎర్రగా కనబడుతోంది. మేత మాత్రం తింటోంది. మంచినీటి చేపలకు దెబ్బ తగిలితే ఉప్పు వేసేవాళ్లం. ఇక్కడా ఇంకాస్త పెంచమంటారా? కాపర్ మందు వేయమని కొందరు అంటున్నారు.

జవాబు: రెండూ వద్దండి. ముందు ఆ గీతను నిదానంగా చూడండి. అంచులు బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉంటే అది టాంగ్ పనే. దాని తోక మొదట్లో చెరో పక్క మడతచాకు లాంటి ముల్లు ఉంటుంది. కొత్త చేప కనబడితే పక్కకు చేరి తోక విసురుతుంది. అంచులు చీలికలై అర్ధచంద్రంలా ఉంటే అది కొరికిన గాటు. ట్రిగ్గర్ లాంటి చేపలు చేసేది. దెబ్బ ఉన్నట్టుండి పడుతుంది, సాధారణంగా ఒక పక్కనే, ఒక చేపకే ఉంటుంది. జబ్బు మెల్లగా పాకుతుంది, తరచు రెండు పక్కలా కనబడుతుంది, తోటి చేపలకూ వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది దెబ్బే.

ఇక ఉప్పు. మంచినీటి చేప ఒంట్లోకి బయటి నీరు చొరబడుతుంది, అందుకే అక్కడ కాస్త ఉప్పు మేలు చేస్తుంది. సముద్రపు చేపకు ఇది తలకిందులు. దాని రక్తంలో ఉప్పు సముద్రపు నీటిలో ఉన్నదానికి దాదాపు మూడో వంతే. చర్మం చిరిగిన చోట ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. ఉప్పు పెంచితే ఆ చేపను ఇంకా ఎండగట్టినట్టే. మంచినీటి స్నానం కూడా పచ్చిగాయం మీద వద్దు. కాపర్ పరాన్నజీవుల మందు. గాయానికి అది చేసేదేమీ లేదు, నలిగిన చేపను ఇంకా నలుపుతుంది, ట్యాంకులో రొయ్యలు, పగడాలు ఉంటే వాటిని చంపుతుంది.

మేత తింటున్న చేపను వలతో తరమకండి. తీయాల్సింది టాంగ్‌ను. పది రోజులు దాన్ని రంధ్రాల డబ్బాలో అదే ట్యాంకులో ఉంచండి. రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చాక వదిలితే తన చోటు అన్న పట్టు తగ్గుతుంది. యాంజెల్‌కు రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా మేత వేయండి. గాయం వెడల్పును దాని కంటితో పోల్చి రోజూ రాసుకోండి: కన్నంత, కంటిలో సగం, ఇలా. ఫోటో రోజూ ఒకే వెలుతురులో తీయండి. రెండు మూడు రోజుల్లో ఎర్రటి కండ మీద పలచని బూడిదరంగు పొర కడుతుంది. చాలామంది దాన్ని బూజు అనుకుని దూదితో తుడిచేస్తారు. అది కొత్త చర్మం, ముట్టుకోకండి. తర్వాత అంచుల్లో నల్లచుక్కలు వస్తే అదీ మానుతున్న గుర్తే.

గాయం చుట్టూ ఎర్రటి వలయం కట్టి వెడల్పవుతున్నా, అంచులు ఉబ్బినా, మేత మానేసినా అప్పుడు ఆసుపత్రి ట్యాంకు కావాలి. 40 నుంచి 60 లీటర్ల గాజు తొట్టి, అడుగున ఇసుక ఉండకూడదు, దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టం ముక్కలు, 25-26 డిగ్రీల హీటరు, పైన మూత. స్పాంజి ఫిల్టరు పెద్ద ట్యాంకు సంప్‌లో (నీటిని శుద్ధిచేసే పక్క తొట్టిలో) కనీసం నెల రోజులు నానినదై ఉండాలి. ఇక్కడే ఎక్కువ చేపలు పోతాయి. కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా ఉండదు, మూడో రోజుకు అమ్మోనియా పెరుగుతుంది, చేప గాయంతో కాక అమ్మోనియాతో చనిపోతుంది. రోజూ పరీక్షించండి. లీటరుకు 0.25 మిల్లీగ్రాములు కనబడినా, ముందురోజే కలిపి ఉంచిన ఉప్పునీటితో పావు వంతు మార్చండి.

ఈ తొట్టిలో నీటి సాంద్రతను, అంటే ఉప్పును, రెండు రోజుల్లో 1.025 నుంచి 1.019 దాకా దించవచ్చు. ఒంట్లోంచి పోయే నీరు తగ్గుతుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు రోజుకు 0.001 మించకండి. దించడాన్ని ఓర్చుకున్నంత తేలిగ్గా చేప ఎక్కించడాన్ని ఓర్చుకోదు. పెద్ద ట్యాంకులో మాత్రం ఇది చేయకండి. గాయాల్లో చేరేవి ఎక్కువగా విబ్రియో లాంటి, గ్రామ్-నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా, కాబట్టి యాంటీబయాటిక్ వాటిమీద పనిచేసేదై ఉండాలి. చేపల వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి అడిగి, కోర్సు పూర్తిగా వాడండి. మందు వేసే ముందు ఫిల్టరులోని కార్బన్ తీసేయండి, యూవీ దీపం, స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) ఆపండి, గాలిరాయి తప్పకుండా నడపండి.

ప్రశ్న: క్లౌన్ చేపకు ఒక కన్ను ఉబ్బింది. ఎప్సమ్ సాల్ట్ వేస్తే తగ్గుతుందా?

జవాబు: ఒక్క కన్నే అయితే చాలావరకు రాయికో గాజుకో కొట్టుకున్నదే. రెండు కళ్లూ ఉబ్బితే లోపలి ఇన్ఫెక్షన్‌నో నీటి లోపాన్నో అనుమానించాలి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, దాని లెక్క చూడండి. సముద్రపు నీటిలో మెగ్నీషియం లీటరుకు దాదాపు 1,300 మిల్లీగ్రాములు ముందే ఉంటుంది. 40 లీటర్లకు 15 గ్రాములు వేస్తే పెరిగేది లీటరుకు 37 మిల్లీగ్రాములు. దీనితో కన్ను దిగుతుందని నేను నమ్మను. వెలుతురు తగ్గించి, నీళ్లు శుభ్రంగా ఉంచి, రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టండి. టార్చిని పక్కనుంచి వేసి చూడండి. కంట్లో గాలిబుడగ మెరిసి, మిగతా చేపల రెక్కల్లోనూ బుడగలుంటే పంపు పీల్చే గొట్టంలో ఎక్కడో గాలి దూరుతోంది. ఆ జాయింటు బిగించడమే వైద్యం. సూదితో పొడవకండి. కన్ను పోయినా చేప బతుకుతుంది, మేతను చూపున్న వైపు వేస్తే చాలు.

ప్రశ్న: గ్రీన్ క్రోమిస్ ఏడు తెచ్చాం. ఒకదానికి డొక్క మీద ఎర్రమచ్చ వచ్చి రెండు రోజుల్లో పోయింది. ఇప్పుడు రెండోదానికీ అదే మచ్చ. కొట్టుకుంటున్నాయా?

జవాబు: కొట్టుకోవడం క్రోమిస్‌కు ఉన్నదే, కానీ ఇది దెబ్బ తీరు కాదు. పొలుసుల కింద కమిలినట్టు మొదలై పుండయ్యే ఎర్రమచ్చ, ఆయాసం, రెండు మూడు రోజుల్లో చావు, ఆపై మరో చేపకు... యురోనీమా అనే ఏకకణ పరాన్నజీవి అయ్యే అవకాశమే ఎక్కువ. పుండు అంచు నుంచి గీరిన జిగురును మైక్రోస్కోపు కింద వంద రెట్లకు చూస్తే గుడ్డు ఆకారపు కణాలు చకచకా పరిగెడుతుంటాయి. ఇది కండలోకి దిగుతుంది, కాపర్ అక్కడికి చేరదు. ఫార్మలిన్ పైపై పురుగును చంపుతుంది గానీ నోరు తెరిచిన పుండును కాల్చేస్తుంది. మచ్చ తొలిదశలో ఉన్న చేపలకు వేరే తొట్టిలో మెట్రోనిడజోల్, నీటిలోనూ మేతలోనూ ఇవ్వడం మేలు. పుండు పడ్డది బతకడం అరుదని దాచకుండా చెబుతున్నాను. చేపలు లేకపోయినా యురోనీమా నీటిలోని బ్యాక్టీరియాను తిని బతుకుతుంది, కాబట్టి ట్యాంకును ఖాళీగా ఉంచి దాన్ని వదిలించుకోలేం. చనిపోయినదాన్ని వెంటనే తీసేయండి. వల, గొట్టం వేరుగా వాడండి.

ప్రశ్న: లైటు వేయగానే మా ఎల్లో టాంగ్ రంగు వెలిసిపోయి, ఒంటి మధ్య తెల్లచార కనబడుతోంది. గాయమా?

జవాబు: కాదండి, అది నిద్ర రంగు. కాసేపట్లో పసుపు తిరిగి వస్తుంది. మధ్యాహ్నానికీ పోకపోతే అప్పుడు రాయండి.

ప్రశ్న: ఫైర్‌ఫిష్ ఎగిరి నేలమీద పడింది. ఒళ్లంతా దుమ్ము. ఏం చేయాలి?

జవాబు: చేతులు ట్యాంకు నీళ్లతో తడుపుకుని ఎత్తండి. దుమ్ము రుద్దితే జిగురు పొర ఊడిపోతుంది. కప్పులో ట్యాంకు నీళ్లు పోసి ముంచితే చాలు. మొప్పలు కొంచెం కదిలినా ఆశ ఉంది. మెల్లటి ప్రవాహానికి మూతి ఎదురుగా పట్టుకోండి, ముందుకూ వెనక్కూ ఊపకండి. కన్ను మసకబారితే వారంలో తేటపడవచ్చు. ట్యాంకు మీద 6 మిల్లీమీటర్ల కన్నున్న జాలీ వేయండి, వైర్ల కోసం వదిలిన మూల కూడా మూయండి.

ప్రశ్న: యాంజెల్ చెంప ముల్లు వలలో చిక్కుకుంది. లాగితే చెంప చిరుగుతుందేమో?

జవాబు: చిరుగుతుంది. చేపను నీళ్లలోనే ఉంచి, ముల్లు చుట్టూ వలను కత్తెరతో కోయండి. మిగిలిన దారపు ముక్క చాలాసార్లు దానంతట అదే ఊడిపోతుంది. మీ చేతికి కోత ఉంటే గ్లోవ్స్ వేసుకోండి: ఆక్వేరియం నీటిలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే బ్యాక్టీరియా ఆ కోతలోంచి ఎక్కితే వేళ్ల మీద వారాల తరబడి మానని గడ్డలు వేస్తాయి. అలా వస్తే ఆక్వేరియం సంగతి డాక్టరుకు చెప్పండి. ఈసారి యాంజెల్‌ను పట్టాల్సివస్తే వల బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ముంచి, చేపను నీళ్లతో సహా పైకెత్తండి.