మాడ్‌ఫ్లో వస్తే కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఇండియాలో సివిల్ బీటెక్, ఇక్కడ వాటర్ రిసోర్సెస్‌లో ఎమ్మెస్ చేశాను. ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) మొదలైంది. మాడ్‌ఫ్లో బాగా వచ్చు. కాలిఫోర్నియాలో గ్రౌండ్‌వాటర్ కన్సల్టింగ్ కంపెనీల నుంచి ఇంటర్వ్యూ కాల్స్ వస్తున్నాయి గానీ రెండో రౌండ్ దాటడం లేదు. ఇంకా ఏం నేర్చుకోవాలి?

ఇంకో సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దు. మాడ్‌ఫ్లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు 1980లలో తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన, భూగర్భజలం కదలికని లెక్కగట్టే ప్రోగ్రాం. అది నడపగలిగినవాళ్లు ఏటా చాలా యూనివర్సిటీల నుంచి బయటికి వస్తారు. పైథాన్‌లో మాడ్‌ఫ్లోని నడిపే ఫ్లోపై, కాలిబ్రేషన్‌కి (మోడల్‌ని కొలతలతో సరిపోల్చడానికి) పెస్ట్ కూడా తెలిస్తే మంచిదే, రెజ్యూమేలో ఇంకో లైను అవుతుంది. కంపెనీకి కావలసింది వేరు. మోడల్ చెప్పిన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో బాదం తోట రైతుకీ, అతని లాయరుకీ, సాక్రమెంటోలోని అధికారికీ చెప్పి ఒప్పించగలవాళ్లు కావాలి. ఇంటర్వ్యూలో రెండో రౌండ్‌లో చూసేది అదే.

ఇక్కడ ఈ పని ఇంత పెరగడానికి కారణం 2014లో వచ్చిన భూగర్భజల చట్టం. దాన్ని అందరూ 'సిగ్మా' అంటారు. అంతకుముందు చాలా బేసిన్లలో (నేల కింద నీరు నిల్వ ఉండే ప్రాంతాల్లో) ఎవరి పొలంలో బోరు వాళ్లిష్టం, ఎంత తోడితే అంత. ఇప్పుడు ప్రతి ముఖ్యమైన బేసిన్‌కీ స్థానిక ఏజెన్సీ ఉండాలి, ప్లాన్ ఉండాలి. పరిస్థితి మరీ చెడిన 21 బేసిన్లు 2020 జనవరికల్లా ప్లాన్లు ఇచ్చి, 2040కల్లా తోడే నీటికీ చేరే నీటికీ లెక్క సరిచేయాలి. ఇచ్చినవన్నీ పాసవలేదు. 2023 మార్చిలో శాన్ వాకీన్ లోయలోని ఆరు సబ్‌బేసిన్ల ప్లాన్లు చాలవని రాష్ట్రం తేల్చింది. 2024 ఏప్రిల్‌లో టులేరీ లేక్ సబ్‌బేసిన్‌ని, సెప్టెంబర్‌లో టూలేని ప్రొబేషన్‌లో పెట్టింది. ప్రొబేషన్ అంటే బోర్లకి మీటర్లు, రాష్ట్రానికి రిపోర్టులు, పైగా ఫీజులు. ఆ తర్వాత కోర్టు కేసులూ తప్పలేదు. వేరుశనగ అయితే ఒక ఏడాది వేయకుండా వదిలేయొచ్చు, బాదం తోటని అలా ఎండబెట్టలేరు. అందుకే మీ అంకె మీద అంత గొడవ.

నీటిమట్టం ఒక్కటే సమస్య అయితే కొంత నయం. ఆ లోయలో చాలా మేరకు అడుగున కార్కొరన్ క్లే అనే బంకమట్టి పొర ఉంది. దాని కిందినుంచి తోడేకొద్దీ మట్టి పొరలు నొక్కుకుపోయి నేల కుంగుతుంది. మళ్లీ వర్షాలు పడినా అందులో చాలాభాగం తిరిగి లేవదు. మెండోటా దగ్గర కరెంటు స్తంభానికి ఆయా ఏళ్లలో నేల ఎంత ఎత్తులో ఉండేదో చూపిస్తూ 1925, 1955, 1977 అని బోర్డులు కట్టి, పక్కన జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రవేత్త నిలబడిన ఫొటో మీరు పాఠాల్లో చూసే ఉంటారు. పై బోర్డుకీ నేలకీ మధ్య దాదాపు తొమ్మిది మీటర్లు. ఇప్పటికీ కుంగుతూనే ఉంది. ఫ్రయంట్-కెర్న్ కాలువ మధ్యలో దిగబడి, ఒకచోట నీరు మోసే శక్తిలో సగానికి పైగా పోగొట్టుకుంది. మీ మోడల్‌లో సబ్సిడెన్స్ (నేల కుంగుడు) ప్యాకేజీ ఆన్ చేయడం రెండు నిమిషాల పని. ఆ కుంగుడుకి ఎవరి పంపింగ్ ఎంత కారణమో చెప్పాలంటే బోరు వేసేటప్పుడు రాసిన మట్టి పొరల రికార్డులు చదవడం రావాలి.

అసలు పని అక్కడే మొదలవుతుంది. బోరు వేసినవాడు చేత్తో రాసిన రిపోర్టుల్లో 'నీలి బంకమట్టి', 'ఇసుక, కొంచెం గులకరాళ్లు' అని ఉంటుంది. వాటిని వందల కొద్దీ చదివి పొరలు గీయాలి. ఈ రిపోర్టులు 2015 దాకా మామూలు జనానికి చూపించేవాళ్లు కాదు, ఇప్పుడు రాష్ట్రం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఎత్తులు కొన్ని 1929 డేటంలో (ఎత్తులు కొలిచే ఆధార మట్టం), కొన్ని 1988 డేటంలో ఉంటాయి. రెండూ కలిపేస్తే నీటిమట్టం అడుగుల్లో తప్పుతుంది. వ్యవసాయ బోర్లలో చాలావాటికి మీటర్లే లేవు, కాబట్టి ఎంత తోడారో శాటిలైట్ ఈటీ (పంటా నేలా ఆవిరిగా వదిలే నీరు) లెక్కల నుంచి అంచనా వేస్తారు. ఓపెన్‌ఈటీ అనే సైట్‌లో ఆ లెక్కలు 2021 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఏదో ఒక బేసిన్ ప్లాన్ దించుకుని, అందులో నీటి బడ్జెట్ అధ్యాయం మాత్రం శ్రద్ధగా చదవండి. ఎక్కడ కొలిచారు, ఎక్కడ ఊహించారు అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మోడలింగ్ కోర్సు సర్టిఫికెట్ కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. అనంతపురం, నల్లగొండ రాతి నేలల్లో ఒక బోరులో నీళ్లు పడతాయి, పది గజాల అవతల ఇంకోటి దుమ్ము లేపుతుంది. నీరంతా రాతి పగుళ్లలోనూ, పైన ఉన్న మెత్తరాయిలోనూ ఉంటుంది. అక్కడ స్పెసిఫిక్ యీల్డ్ (నేల పరిమాణంలో బయటికి జారి వచ్చే నీటి వాటా) ఒకటి నుంచి మూడు శాతం. ఇక్కడి ఒండ్రు మట్టిలో పది దాటడం మామూలే. ఇంటి దగ్గరి అలవాటుతో అంకెలు వేస్తే తేడా వెంటనే కనపడుతుంది. కొలతలు కూడా మార్చుకోవాలి. ఒక టీఎంసీ అంటే సుమారు 23 వేల ఎకర్-ఫీట్ (ఎకరం మీద అడుగు లోతు నీరు ఒక ఎకర్-ఫుట్). కాలిఫోర్నియాలో అతిపెద్ద రిజర్వాయరు షాస్టా 45 లక్షల పైచిలుకు ఎకర్-ఫీట్, అంటే దాదాపు 198 టీఎంసీలు. మన శ్రీశైలం కన్నా కొంచెం తక్కువే. ఇలా మనసులో లెక్క కట్టుకుంటే మీటింగ్‌లో తడబడరు.

అలాగని ఇంటి అనుభవం దాచిపెట్టకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టులో కరువు జిల్లాల రైతులే వర్షం, బోరు మట్టం కొలిచి, ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. జరిమానా లేదు, మీటరు లేదు. దాని గురించి చదివి వెళ్లండి. ఇక్కడి పబ్లిక్ వర్క్‌షాపుల్లో రైతులు అడిగేది కూడా అదే: "నా బోరుకి కోత పెడతారా?" ఫ్రెస్నో చుట్టుపక్కల ఆ అడిగేవాళ్లలో పంజాబీలు కూడా ఉంటారు. తల ఊపి ఊరుకోకుండా, తెలిసింది ఇంత, తెలియనిది ఇంత అని నాలుగు ముక్కల్లో చెప్పడం ఇప్పటినుంచే ప్రాక్టీసు చేయండి. యాస గురించి టెన్షన్ అక్కర్లేదు. నెమ్మదిగా మాట్లాడితే చాలు.

లైసెన్స్ సంగతి మొదటి నెలలోనే చూసుకోండి. బేసిన్ ప్లాన్‌లో సాంకేతిక భాగం ప్రొఫెషనల్ జియాలజిస్టో, ప్రొఫెషనల్ ఇంజినీరో చేయాలి, లేదా వాళ్ల పర్యవేక్షణలో జరగాలి. మీరు సివిల్ కాబట్టి ఎఫ్ఈ (ఇంజినీరు లైసెన్స్‌కి మొదటి పరీక్ష) పాఠాలు మరిచిపోకముందే రాసేయండి. తర్వాత పీఈకి (ప్రొఫెషనల్ ఇంజినీరు లైసెన్స్‌కి) కాలిఫోర్నియా అదనంగా భూకంపాల మీద ఒకటి, సర్వేయింగ్ మీద ఒకటి పెడుతుంది. ఇండియా డిగ్రీని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారో బోర్డుని ముందే అడగండి. చేరిన కంపెనీలో మీ పని చూసే వ్యక్తికి లైసెన్స్ ఉందో లేదో కూడా చూసుకోండి. రేపు మీ అనుభవానికి సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఇక కన్సల్టింగ్ అంటే టైమ్‌షీట్. ప్రతి గంటా ఏదో ఒక ప్రాజెక్టుకి రాయాలి. ఏ ప్రాజెక్టుకీ రాయలేని గంటలు పెరిగితే మేనేజరు మొహం మారుతుంది. పని తగ్గితే నోరు మూసుకుని కూర్చోకుండా నలుగురిని అడగండి.

వీసా గురించి రెండు మాటలు. ఓపీటీ ఏడాది తర్వాత స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 24 నెలలు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగార్హత తనిఖీ చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి. పదిమంది ఉండే చిన్న కంపెనీలు కొన్ని ఉండవు, మొదటి ఫోన్‌లోనే అడగండి. జియలాజికల్ సర్వే ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే. హెచ్‌వన్ మీద ఉండగా హైదరాబాద్ ఫ్రెండు కంపెనీకి సాయంత్రాలు మోడల్ చేసిపెట్టి డబ్బు తీసుకోవడం లాంటివి వద్దు, లాయరుని అడగకుండా అసలు వద్దు. ప్రపంచ బ్యాంకు షార్ట్ టర్మ్ కన్సల్టెంట్ పనులు ఏడాదికి 150 రోజులకి మించవు, అవి అనుభవం వచ్చాక చూసుకునేవి. మన బావగార్లు అడుగుతుంటారు, "ఆ బ్యాంకు డబ్బుతో మన ఊళ్లోనే పని చేయొచ్చుగా" అని. 2019 డిసెంబర్‌లో మొదలైన, ఆ బ్యాంకు అప్పుతో నడిచే అటల్ భూజల్ అనే భూగర్భజల పథకం ఏడు రాష్ట్రాల్లో పెట్టారు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు.