పెద్దవాళ్లతో జెనోవాలో రెండు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

మిలన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి అమ్మానాన్నలు వస్తున్నారు, శని, ఆదివారాలు వాళ్లతో ఇటలీ రేవు పట్టణం జెనోవా వెళ్లొద్దామా, అదే ఊపులో చింక్వే తెర్రె (సముద్రం ఒడ్డున కొండవాలు మీది ఐదు ఊళ్లు) కూడా చూసేయొచ్చా, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు అని అడిగారు కదా. జెనోవాకి నిశ్చింతగా వెళ్లండి. చింక్వే తెర్రె మాత్రం ఈసారికి వదిలేయండి. వేసవి వారాంతాల్లో అక్కడి రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, దిగాక మళ్లీ మెట్లే.

మా అత్తయ్యగారిని తీసుకెళ్లినప్పుడు నాకూ ఇదే టెన్షన్. ఊరు సముద్రం నుంచి నేరుగా కొండెక్కుతుంది. అయితే అక్కడ లిఫ్టులూ కేబుల్ రైళ్లూ సిటీ బస్సుల్లాగే రోజువారీ రవాణా. పోర్తెల్లో కూడలి దగ్గర సొరంగంలోకి నడిచి లిఫ్ట్ ఎక్కితే కాస్తెల్లెత్తో అనే మిట్ట మీద తేలతారు. కింద పలకరాతి కప్పులు, వాటి వెనక రేవు, పడమటి కొసన 1543లో కట్టిన లాంతెర్నా దీపస్తంభం. అత్తయ్యగారు బెంచీ మీద చేరగిలబడి, వచ్చే ఓడలూ పోయే ఓడలూ చూస్తూ ఇక లేవనంటే లేవనన్నారు. సాయంత్రం పూట వెళ్లండి.

కింద పాత ఊళ్లో సందులు ఎంత సన్నవంటే, కొన్నిచోట్ల రెండు చేతులు చాపితే ఇరువైపులా గోడలు తగులుతాయి. పగలు హాయిగా తిరగండి. చీకటి పడ్డాక రేవు పక్కన ప్రే వీధి వైపు పెద్దవాళ్లతో వద్దు. సాన్ లొరెన్సో చర్చిలో 1941లో బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రయోగించిన ఫిరంగి గుండు ఒకటి ఉంది. పైకప్పు చీల్చుకుని లోపల పడింది గానీ పేలలేదు. ఆ గుండును కుడివైపు నిలబెట్టారు.

గరిబాల్డి వీధికి ఒక పూట ఇవ్వండి. జెనోవా గణతంత్రంలో రాజు లేడు, రాజభవనమూ లేదు. బయటి దేశాల రాజులో రాయబారులో వస్తే, జాబితాలో ఉన్న ధనికుల ఇళ్లలోంచి చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్ల ఇంట్లో దింపేవారు. రోల్లి భవనాలంటే అవే, ఈ వీధిలో చాలా ఉన్నాయి. 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటిలో ఒకటైన తుర్సి భవనంలో పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ ఉంటుంది. అక్వేరియం గురించి అందరూ చెబుతారు. పిల్లల్లేకపోతే నా దృష్టిలో అది అనవసరం, క్యూ కూడా పెద్దది.

శాకాహారులైతే తిండికి ఇటలీలో ఇంతకంటే మంచి ఊరు నాకు తగల్లేదు. ఫారినాతా అంటే శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు ముక్క అడిగి తీసుకోండి, మన దిబ్బరొట్టె అంచులా కరకరలాడుతుంది. తులసి జాతి ఆకుతో నూరే పెస్తో ఈ ఊరిదే. చీజ్ తినకపోతే ముందే చెప్పండి, అందులో తప్పక వేస్తారు.

బస దె ఫెర్రారి కూడలి చుట్టుపక్కల చూసుకోండి. అక్కడ నేల కొంత చదును, మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఓపిక ఉంటే బస్సులో బొక్కదాస్సె వెళ్లండి, రంగురంగుల ఇళ్ల మధ్య చిన్న గులకరాళ్ల తీరం. లేకపోతే మళ్లీ కాస్తెల్లెత్తోకే. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, లేదంటే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు.