మాట ఒకటే, ఇద్దరికీ వినిపించింది వేరు

ప్రశ్న: పాపకు 11 నెలలు, బరువు 8.1 కిలోలు. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ మా అత్తగారు ‘పిల్ల చిక్కిపోయిందేంటమ్మా’ అంటారు. ఫోన్ పెట్టగానే నాకు ఏడుపొస్తుంది. మా ఆయనతో చెబితే ‘అమ్మ మామూలుగానే అంది, నువ్వే పెద్దది చేస్తావు’ అంటారు. ఇక రెండు రోజులు మాటలుండవు. ఆయనకు నా బాధ ఎప్పటికీ అర్థం కాదా?

జవాబు: ముందు బరువు సంగతి తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 11 నెలల ఆడపిల్లకు మధ్యస్థ బరువు 8.7 కిలోలు. 6.9 కన్నా తగ్గితేనే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప ఆ హద్దుకు బాగా పైనే ఉంది. ఒక్క అంకె కన్నా నెలనెలా బరువు గీత పైకి పోతోందా అన్నది ముఖ్యం. అంగన్‌వాడీ కార్డులో చూసుకోండి. గీత అడ్డంగా సాగుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇది తెలిసినా మీకు ఏడుపు ఆగకపోవచ్చు. ‘చిక్కిపోయావురా’ అనే మాట మీ వారు చిన్నప్పటినుంచీ అన్నం ముందు కూర్చుని విన్నదే అయి ఉంటుంది. ఆయన చెవికి అది ప్రేమగా పెట్టే ముద్ద. మీ చెవికి మార్కుల షీటు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ మీరు అడుగుతున్నది మీ బాధ గురించి, ఆయన జవాబిస్తున్నది అమ్మ ఉద్దేశం గురించి. మీ బాధను ఒప్పుకుంటే అమ్మది తప్పన్నట్టేనని ఆయన లెక్క. అందుకే మీ మాట ‘మీ అమ్మ’ అంటూ మొదలైనంతకాలం ఆయన వకీలు పాత్ర వదలరు.

మాట్లాడేముందు కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. మొదటిది, ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు. ‘ఎప్పుడూ’, ‘కావాలనే’ అన్నవి తీసేయండి. రెండోది, మీ భావం ఒక్క మాటలో: భయం, సిగ్గు, దిగులు, కోపం. చాలామంది జారేది ఇక్కడే. ‘నన్ను తక్కువ చేసినట్టు అనిపించింది’ అని రాస్తారు. అది భావం కాదు, ఎదుటివాళ్ల మీద తీర్పు. మూడోది, ఆ భావం వెనక మీకు కావలసినదేమిటో. ‘నేను పాపను బాగానే చూసుకుంటున్నానని ఒకరు అనాలి’ లాంటిది. ఇదంతా తప్పు నెత్తిన వేసుకోవడం కాదు. అత్తగారి మాట నొప్పించేదే అయినా ఆ నొప్పి ఏమిటో చెప్పగలిగేది మీరొక్కరే.

ఫోన్ పెట్టిన వెంటనే మాట్లాడొద్దు. గుండె దడదడలాడుతుంటే ఎదుటి మాట తలకెక్కదు. కనీసం 20 నిమిషాలు ఆగండి. ఆ సేపట్లో మనసులో వాదన నెమరేస్తూ ఉంటే ఆగినట్టు కాదు, బట్టలు మడతపెట్టుకోండి. పాప పడుకున్నాక ఇలా అనండి: ‘పది నిమిషాలు వినండి, పరిష్కారం చెప్పొద్దు. చిక్కిపోయిందన్న మాట వింటే నాకు భయమేస్తుంది, సరిగ్గా పెంచడం లేదేమోనని. ఈసారి తూకం ఎంతో మీరే అత్తయ్యకు చెబుతారా?’ విన్నది ఆయన మాటల్లో ఓసారి తిరిగి చెప్పమనండి. ‘అర్థమైంది’ అంటే సరిపోదు.

తర్వాత వంతు మీది, ఇదే కష్టం. మీ ఉత్తరంలో మీ వారి మాటలున్నాయి గానీ, ఇద్దరి మధ్య నిలబడ్డప్పుడు ఆయనకెలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. అడగండి. మధ్యలో ‘అవును గానీ’ అనకుండా వినండి. మొదటిసారి అయిదు నిమిషాలు వినగలిగినా మంచిదే.

ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటున్నా, పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోయినా కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.